నీలి చేతుల కవి విలియం మారిస్

మా వార్షిక సంచికను ఒకవైపు నుండి తెరచినచో తెలుగు, మరొకవైపు నుండి తెరచినచో ఉర్దూ. రెండు లిపులు నడుమ ఒకచోట కలుసుకొనును. ఈసారి తెలుగు విభాగమునకు ఒక ప్రసిద్ధ పురుషుని జీవితము వ్రాయవలసి వచ్చినప్పుడు, రెండువైపుల పాఠకులకును చెందగల వాని కొరకు వెదకినాము. మా చూపు ఒక ఆంగ్లేయునిపై నిలిచినది. ఇది కొందరికి వింతగా తోచవచ్చును. ఆంగ్ల సాహిత్య విద్యార్థులు విలియం మారిస్‌ను కవిగా ఎరుగుదురు. రాజనీతిశాస్త్రము చదువువారు సామ్యవాదిగా ఎరుగుదురు. మేము చెప్పదలచినది ఆ రెండింటి కంటె ఇంటికి దగ్గరి విషయము. కిటికీ పరదా, మంచపు తెర, గోడకు వ్రేలాడు వస్త్రము, నేలపై తివాచీ: వీటి నమూనాను గీయువాడు ఒకడు, నేయువాడు మరొకడు. గీయువాడు తాను స్వయముగా మగ్గము ముందు కూర్చుండక నమూనా గీయరాదని పట్టుబట్టి, ఆ పట్టుదల కొరకు మోచేతుల దాక నీలిమందులో ముంచుకొనిన మనిషిగా మేము ఆయనను చూచినాము.

ఈ ప్రశ్న మనకు దూరపుది కాదు. పోచంపల్లిలో, మంగళగిరిలో, వరంగల్లు తివాచీ మగ్గముల వద్ద ఇది నిత్యము తలయెత్తునదే. పట్టణము నుండి కాగితముపై నమూనాతో వచ్చు డిజైనరునకు మగ్గము ఎంతవరకు తెలియును? పడుగు పేకలలో ఆ బొమ్మను పలికించు నేతగానికి ఆ నమూనాలో ఎంత వంతు కలదు? మా విద్యార్థులలో రేపు కాగితము పట్టువారును ఉందురు, ఇంటి మగ్గమునకు తిరిగి వెళ్ళువారును ఉందురు. కావున ఈ కథ ఇరువురి కొరకు.

మారిస్ 1834 మార్చి 24న లండను సమీపమున వాల్తమ్‌స్టోలో జన్మించినాడు. తండ్రి లండను నగరములో హుండీల వ్యాపారి. ఆయన డెవన్ ప్రాంతపు రాగి గనిలో కొనిన వాటాలు అనూహ్యముగా పెరిగి కుటుంబమును సంపన్నము చేసినవి. 1847లో తండ్రి గతించినను ఇంటికి లోటు రాలేదు. యుక్తవయస్సు వచ్చునప్పటికి మారిస్‌కు ఏటా సుమారు 900 పౌనుల ఆదాయము ఉండెడిది. నాటి ఇంగ్లండులో నేతగాడు కలలోనైనను చూడని మొత్తమది. ఈ గని సంగతి పాఠకులు గుర్తుంచుకొనవలెను. దానితో మనకు మరల పని యున్నది.

1851లో లండనులో మహా ప్రదర్శన జరిగినది. సర్వదేశముల వస్తువులును అక్కడ చేరినవి. పదునేడేండ్ల మారిస్ తన కుటుంబముతో వెళ్ళి, యంత్రములు చేసిన ఆ అలంకారముల పోగును చూచుటకు ఇష్టపడక వెలుపలనే కూర్చుండినాడని చెప్పుకొందురు. అదే ప్రదర్శనలో మన వరంగల్లు తివాచీలును ఉంచబడినవి. లోపలికి పోయియుండినచో ఆ కుర్రవాడు వాటిని చూచియుండెడివాడేమో అని మాకు అప్పుడప్పుడు అనిపించును.

1853లో ఆక్స్‌ఫర్డు చేరినాడు. మతాచార్యుడు కావలెనని వెళ్ళినవాడు అక్కడ ఎడ్వర్డ్ బర్న్-జోన్స్ అను మిత్రుని సంపాదించుకొని, ఇరువురును కళకు జీవితమును అర్పింప నిశ్చయించుకొనినారు. జాన్ రస్కిన్ వెనిస్ నగరపు శిల్పమును గురించి వ్రాసిన గ్రంథము మారిస్ మనస్సును మార్చినది. పనివాని చేతిని కేవలము ఆజ్ఞను పాటించు యంత్రముగా మార్చిన సమాజము ఆ పనివానిని మనిషిగా చంపుచున్నదన్నది అందలి సారము. ఇదే రస్కిన్ మరియొక గ్రంథమును 1904లో దక్షిణాఫ్రికాలో రైలు ప్రయాణమున చదివి గాంధీజీ తన జీవితమును మార్చుకొనినారన్నది మనమెరిగినదే. ఒకే గురువు నుండి ఒకరు నీలి తొట్టికి, ఒకరు రాట్నమునకు చేరినారు.

1856లో కొంతకాలము వాస్తుశిల్పి వద్ద శిష్యరికము చేసి, అది విడిచి, చిత్రలేఖనమునకు దిగి, అదియు విడిచినాడు. 1859లో జేన్ బర్డెన్‌ను వివాహమాడినాడు. ఆమె ఆక్స్‌ఫర్డులో గుఱ్ఱపుశాల పనివాని కుమార్తె. మిత్రుడు ఫిలిప్ వెబ్ ఆ దంపతులకు ఎఱ్ఱ ఇటుకలతో ఒక ఇల్లు కట్టియిచ్చినాడు. ఇల్లు సిద్ధమైన పిదప అసలు చిక్కు వచ్చినది. దానిలో పరచుటకు, వ్రేలాడదీయుటకు తగిన గుడ్డ ఒక్కటియు లండను అంగళ్ళలో కానరాలేదు. దొరికినవన్నియు యంత్రముల నుండి రాశులుగా వెలువడినవి, కృత్రిమపు రంగులవి. భార్యాభర్తలు పాత కుట్టుపనులను దారము దారముగా విప్పి చూచి, కుట్టు ఎట్లు వేయుదురో నేర్చుకొని, తమ ఇంటి తెరలు తామే కుట్టుకొనినారు. మారిస్ జీవితమంతయు ఈ పద్ధతి మారలేదు. పాతదానిని విప్పి చూచును, చేతితో చేయును, ఆ తరువాతనే గీయును.

మిత్రులు కలసి 1861లో ఒక వ్యాపార సంస్థను స్థాపించినారు. గాజు కిటికీలు, గోడ కాగితములు, బల్లలు, కుర్చీలు చేసినారు. 1868 నుండి 1870 వరకు వెలువడిన సుదీర్ఘ కథాకావ్యముతో మారిస్ దేశమంతట కవిగా ప్రసిద్ధి కెక్కినాడు. చాలమంది కవులకు అది చాలును. ఆయనకు చాలలేదు. 1875లో సంస్థ ఆయన ఒక్కని చేతికి వచ్చినది. అదే సంవత్సరము వేసవిలో ఆయన స్టాఫర్డ్‌షైరులోని లీక్ అను చిన్న పట్టణమునకు వెళ్ళినాడు. మా దృష్టిలో ఆయన నిజమైన జీవితము అక్కడ మొదలైనది.

కారణము రంగు. 1856లో పెర్కిన్ అను యువకుడు బొగ్గు తారు నుండి ఊదా రంగును తీసినది మొదలు, యూరపులో అద్దకపు విద్య ఇరువదేండ్లలో తలక్రిందులైనది. కొత్త రంగులు చౌక, త్వరితము, కంటికి కొట్టొచ్చినట్లుండును, కాని చాలవరకు ఎండకు వెలసిపోవును. పాత రంగరేజుల విద్య వారితోపాటు మరణించుచున్నది. మారిస్ 1873లో తులిప్ పూలు, విల్లో ఆకుల నమూనా ఒకటి గీసి అద్దకమునకు పంపగా, అద్దకందారులు నీలిమందునకు బదులు రసాయనిక నీలము వాడి పంపినారు. మారిస్ దానిని తిరస్కరించినాడు. ఆ నమూనా తాను కోరిన నీలిమందులో అద్దబడుటకు పది సంవత్సరములు పట్టినది. పది సంవత్సరములు ఒక నీలము కొరకు వేచియుండిన వానిని మొండివాడందురా, పనితనము తెలిసినవాడందురా, మీ యిష్టము.

లీక్‌లో థామస్ వార్డిల్ అను పట్టు అద్దకందారు ఉండెడివాడు. ఇతడు మన దేశమునకు కొత్తవాడు కాడు. భారతదేశపు టసర్ పట్టునకు రంగు పట్టించుటలో ఏండ్ల తరబడి పరిశ్రమించి, ఆ పట్టును యూరపు విపణిలో నిలిపినవాడు. తరువాత 1885 ప్రాంతమున పట్టు పరిశ్రమను పరిశీలించుటకు ఇక్కడికి వచ్చినవాడు. వార్డిల్ అద్దకపు శాలలో మారిస్ కాలికి చెక్క పాదరక్షలు, ఒంటికి పనివాని అంగీ తొడిగి, తొట్ల నడుమ నిలిచినాడు. పాత మూలికా గ్రంథములు వెదకినాడు, రోము పండితుడు ప్లినీ వ్రాతల దాక వెళ్ళినాడు. ఎఱుపునకు మంజిష్ఠ జాతి వేరు, పసుపునకు వెల్డ్ అను మొక్క, గోధుమవన్నెకు అక్రోటు వేరు, నీలమునకు నీలిమందు. ఈ నాల్గింటి కలయికతో కావలసిన ఛాయలన్నియు తీయవచ్చునని ఆయన విశ్వాసము.

నీలి తొట్టి సంగతి చూచినవారికే తెలియును. నీలిమందు నీటిలో కరగదు. పులియబెట్టి లేదా ఇతర ఉపాయముచే దాని స్వభావమును మార్చి, తొట్టిని వెచ్చగా కాపాడవలెను. గుడ్డను ముంచి పైకి తీసినప్పుడు అది పసుపు కలసిన ఆకుపచ్చగా కనిపించును. గాలి సోకిన కొలది చూచుచుండగనే నీలమగును. తొట్టి చెడినదా, బాగున్నదా అన్నది వాసన, నురుగు, చేతి స్పర్శ తెలిసినవానికే అందును. కాగితముపై నీలి రంగు పూయు చిత్రకారునకు అది అందదు. మారిస్ చేతులు నెలల తరబడి నీలముగనే ఉండెడివి. ఆ చేతులతోనే విందులకు పోయినాడు, మిత్రులు నవ్వినారు.

వార్డిల్‌తో పని సాఫీగా సాగలేదు. ఒక విడతలో వచ్చిన ఎఱుపు మరియొక విడతలో రాదు. ఒక బేలు గుడ్డ వెలసి తిరిగి వచ్చును. మారిస్ అతనికి వ్రాసిన జాబులు యాభైకి పైగా మిగిలియున్నవి. వాటినిండ ఇదే రభస: ఈ పసుపు పచ్చబారినది, ఆ నీలము ఉతుకునకు ఆగలేదు, మరల చేయుడు. పాపము, వార్డిల్‌కు ఇతర ఖాతాదారులును కలరు. పనివాండ్రకు వారపు కూలి ఈయవలెను. నమూనా గీయువాని పట్టుదలకును అద్దకందారుని నిత్యావసరమునకును నడుమ గల ఈ పెనుగులాట నూరేండ్ల క్రిందటిది అనిపించదు. చేనేత సహకార సంఘపు గిడ్డంగిలో ఒక గంట కూర్చుండినవారు ఇదే సంభాషణను తెలుగులోను ఉర్దూలోను వినగలరు.

రంగు చేతికి వచ్చినది. ఇక నేత. 1877లో ఫ్రాన్సులోని లియాన్ పట్టణము నుండి బాజెన్ అను నేతగాని రప్పించి జకార్డు మగ్గము నిలిపినాడు. మరుసటి యేడు హామర్‌స్మిత్‌లో థేమ్స్ నది ఒడ్డున ఒక ఇంటికి మారినాడు. ఆ ఇంటి బండిశాలలో తివాచీ మగ్గములు వేయించినాడు. యువతులు వాటి ముందు వరుసగా కూర్చుండి ముడులు వేసెడివారు. తన పడకగదిలో, మంచమునకు దగ్గరగా, నిలువు మగ్గము ఒకటి బిగించుకొనినాడు. చిత్రపటములను గోడ తెరలుగా నేయు విద్య, అనగా టేపెస్ట్రీ, నాటికి ఇంగ్లండులో అడుగంటియున్నది. నేర్పువారు లేరు. పాత ఫ్రెంచి గ్రంథము ఒకటి ముందు పెట్టుకొని తనకు తానే నేర్చుకొనినాడు. 1879 మే మాసమున మొదలుపెట్టి సెప్టెంబరులో ఒక తెరను ముగించినాడు. ప్రతిదినము తెల్లవారగనే లేచి ఎన్ని గంటలు నేసినాడో పుస్తకములో వ్రాసికొనినాడు. మొత్తము 516 గంటలకు పైబడినది. ఆకులు, ద్రాక్షతీగలు, పక్షులు గల ఆ తెరను చూచినవారిలో కొందరు, ఆకులు క్యాబేజీవలె ఉన్నవని హాస్యమాడినారు. ఆయనయు దానిని ఆ పేరుతోనే పిలిచినాడు.

కవి, సంపన్నుడు, పేరుగాంచినవాడు. తెల్లవారుజామున మగ్గము ముందు 516 గంటలు కూర్చుండవలసిన అవసరమేమి? నేయించుకొనుటకు ఆయనకు ధనము లేదా? ఆ గంటలు గుడ్డ కొరకు కావని మేము తలచెదము. పేక దారము ఏ మలుపు తిరుగును, ఏ మలుపు తిరుగనన్నది తెలియక గీసిన గీత నేతగాని మెడకు ఉరి. ఆ సంగతి ఆయన తన వ్రేళ్ళకు నేర్పుకొనినాడు. తాను నేర్చినదానిని వెంటనే మరియొకనికి అందించినాడు. 1878లో దుకాణములో సహాయకునిగా చేరిన జాన్ హెన్రీ డియర్ల్ అను యువకుని తన మగ్గము ముందు కూర్చుండబెట్టి నేర్పినాడు. డియర్ల్ తరువాత వచ్చిన బాలురకు నేర్పినాడు.

1881లో వాండల్ నది ఒడ్డున మెర్టన్ ఆబీ వద్ద పాత అద్దకపు శాల ఒకటి దొరికినది. ఆ నది నీరు మంజిష్ఠ ఎఱుపునకు బాగుగా కుదిరినది. చెక్క పలకల షెడ్లు, నడుమ చెరువు, చుట్టును తోట, నది ఒడ్డున ఉతికిన గుడ్డలను ఆరవేయుటకు పచ్చిక. నాటి ఇంగ్లండు మిల్లులలో కిటికీలు మురికిపట్టి, పొగ నిండి, బాలలు దగ్గుచుండగా, ఇక్కడ మగ్గముల వారు తలయెత్తి చూచినచో చెట్లు కనిపించెడివి. కూలి ఇతర చోట్ల కంటె మెరుగు. స్పిటల్‌ఫీల్డ్స్ పట్టు నేతగాండ్రు కొందరు, తమ పేట మగ్గములు మూతపడగా, ఇచటికి వచ్చి చేరినారు.

మెర్టన్ పనితనమునకు ఒక్క ఉదాహరణము చెప్పుదుము. 1883లో మారిస్ గీసిన స్ట్రాబెర్రీ దొంగ అను అద్దకపు వస్త్రము. ఆయన పల్లెయింటి తోటలో పండ్లు దొంగిలించు పక్షులే అందలి నాయకులు. దీనిని అద్దు పద్ధతి ఇది: గుడ్డనంతటిని మొదట నీలి తొట్టిలో ముంచి ముదురు నీలము చేయుదురు. పిదప చెక్క అచ్చులతో, నీలమును పోగొట్టు రసాయనమును కావలసినచోట అద్దుదురు. అక్కడ నీలము వెలిసి తెలుపు లేదా లేత నీలము మిగులును. తరువాత ఎఱుపు నిలుచుటకు తగిన కారము అద్ది మంజిష్ఠలో వేయుదురు. తరువాత పసుపు. ప్రతి దశకు నడుమ ఉతుకుట, ఆరవేయుట. ఒక గుడ్డ పూర్తియగుటకు దినములు పట్టును. మన మచిలీపట్నపు, కాళహస్తి పనివారు దీనికి విపర్యయముగా, నీలము సోకరానిచోట మైనము పూసి, మిగిలినదానిని నీలిలో ముంచెడివారు. దారులు వేరైనను ఓపిక ఒక్కటే. ఈ పూల అద్దకపు వస్త్రములను ఆంగ్లేయులు చింట్జ్ అందురు. ఆ మాట మన ఛీంట్ నుండి, అనగా మనము చీటిగుడ్డ అను దాని నుండి పోయినదే. పటిక వంటి కారములతో వేరు రంగును నూలు గుడ్డపై నిలుపు విద్యను యూరపు నేర్చినది పదునేడవ, పదునెనిమిదవ శతాబ్దములలో కోరమండల్ తీరమువంటి చోట్ల నుండి ఓడలలో పోయిన వస్త్రములను చూచియే. మారిస్ సౌత్ కెన్సింగ్‌టన్ మ్యూజియములో పారసీక, తుర్కీ, భారతీయ వస్త్రముల ముందు గంటల తరబడి నిలిచినాడు. ఆ ఋణమును ఆయన దాచలేదు.

దాచలేదు సరికదా, బహిరంగముగా చెప్పినాడు. 1879 ఫిబ్రవరిలో బర్మింగ్‌హాములో చేసిన ఉపన్యాసమున, ఆంగ్లేయుల పాలన, వాణిజ్యము కలసి భారతదేశపు చేతిపనులను ఎట్లు నాశనము చేయుచున్నవో వివరించినాడు. యంత్రపు సరుకు వచ్చి పడుట ఒకటి. మన జైళ్ళలో ఖైదీలచేత చౌక తివాచీలు నేయించి అమ్ముట రెండవది. వెలను తగ్గించి, నమూనాను నాసిరకము చేసి, స్వతంత్రముగా నేయు తివాచీ పనివాని నోటి కూటిని ప్రభుత్వమే లాగికొనుచున్నదని నిర్మొగమాటముగా ఆక్షేపించినాడు. సామ్రాజ్యపు గర్వము తారస్థాయిలో నున్న నాడు, ఆంగ్లేయ శ్రోతల ముందు, ఒక ఆంగ్లేయ వర్తకుడు ఈ మాటలు పలికినాడన్నది మా విద్యార్థులు గమనింతురు గాక.

ఇక మొదట చెప్పిన గనికి వత్తము. తండ్రి వాటాలు కొనిన ఆ రాగి గని క్రమముగా ప్రపంచములోనే పెద్ద పాషాణపు ఉత్పత్తి కేంద్రమైనది. పాషాణము అనగా ఆర్సెనిక్. మారిస్ 1871 నుండి 1875 వరకు ఆ సంస్థ డైరెక్టర్లలో ఒకడు. నాటి గోడ కాగితములపై ఆకుపచ్చ రంగు ఈ పాషాణముతోనే చేసెడివారు. మారిస్ తొలి కాగితములలోను అది కలదు. దానివలన జనులు జబ్బు పడుచున్నారని వైద్యులు మొత్తుకొనగా, ఆయన అది అనవసరపు భయమని కొట్టివేసినాడు. ప్రకృతి రంగుల కొరకు అంత తపించినవాడు, నది నీటిని, చెట్టు వేరును అంత ప్రేమించినవాడు, తన ఆదాయమునకు మూలమైన విషమును చూడనొల్లలేదు. దీనిని వ్రాయక విడచుట మాకు సులభమే. వ్రాయుటయే న్యాయమని తోచినది.

మరియొక విషము ఉన్నది. దానిని మాత్రము ఆయన చూచినాడు, చూచి నిద్ర పోగొట్టుకొనినాడు. చేతితో నేసిన, వేరుతో అద్దిన వస్త్రమునకు వెల ఎక్కువ. స్ట్రాబెర్రీ దొంగ సంస్థ అమ్మిన అద్దకపు వస్త్రములలో మిక్కిలి ఖరీదైన వాటిలో ఒకటి. హామర్‌స్మిత్ తివాచీని కొనగలిగినవారు గనుల యజమానులు, ఇనుప కర్మాగారముల అధిపతులు, ప్రభువులు. ఆ ముడులు వేసిన యువతి తన ఇంటిలో దానిని పరచుకొనజాలదు. ఉత్తర ఇంగ్లండులో ఒక ఇనుప పరిశ్రమాధిపతి భవనమును అలంకరించుచు, ఆయన గదిలో అటునిటు తిరుగుచు, తన జీవితమంతయు ధనికుల భోగమునకు ఊడిగము చేయుటయే అయినదని ఆక్రోశించినాడని చెప్పుదురు. మిల్లులలో నేయబడు చౌక తివాచీలకు కూడ ఆయన నమూనాలు గీసియిచ్చినాడు. యంత్రమును ఆయన పూర్తిగా ద్వేషించలేదు. మనిషిని విసిగించు చాకిరి యంత్రము చేయవచ్చును, మనిషికి ఆనందమునిచ్చు పనిని అది లాగికొనరాదన్నది ఆయన మతము. కాని ఆ చౌక తివాచీయు ఆయన మనస్సును చల్లార్చలేదు.

నేతగాని వంతు ఎంత అన్న ప్రశ్న కూడ మిగిలియే యున్నది. మెర్టన్‌లో టేపెస్ట్రీ నేయువారికి ఛాయలను ఎన్నుకొనుటలో, నేలపై పూల వివరములు తీర్చుటలో కొంత స్వేచ్ఛ ఉండెడిది. అయితే మానవాకృతులు బర్న్-జోన్స్ గీసినవి, నమూనా మారిస్‌ది లేదా డియర్ల్‌ది. అద్దకపు బల్ల వద్ద, జకార్డు మగ్గము వద్ద ఆ కొద్ది స్వేచ్ఛయు లేదు. చెప్పినట్లు చేయవలెను. లాభములో వంతు కొందరు ముఖ్యులకు మాత్రమే అందినది. అందరికిని పంచరాదా అని మిత్రులు అడుగగా, తన ఒక్క సంస్థలో పంచినంత మాత్రమున దేశములోని పనివాని స్థితి మారదని ఆయన లెక్కకట్టి చెప్పినాడు. ఈ సమాధానము మాకు పూర్తిగా నచ్చలేదు. లెక్క సరియైనదే కావచ్చును. కాని గురువు రస్కిన్ చెప్పిన పనివాని స్వేచ్ఛ, శిష్యుని సొంత షెడ్డులో సగమే నెరవేరినది.

ఆ సగము ఆయననే కాల్చినది. 1883 జనవరిలో సామ్యవాద సంఘములో చేరినాడు. నలుబది తొమ్మిదవ యేట కార్ల్ మార్క్స్ మహాగ్రంథమును ఫ్రెంచి అనువాదములో చదువ మొదలుపెట్టినాడు. ఉద్యమ ఖర్చులకు తన అపురూప గ్రంథములు కొన్ని అమ్మినాడు. వీధి మూలలలో ఉపన్యసించినాడు, పత్రిక నడిపినాడు. 1887 నవంబరు 13న లండనులో పోలీసులు ఊరేగింపులను చెదరగొట్టిన నెత్తుటి ఆదివారమున ఆయన జనముతోనే నడచినాడు. ధనిక ఖాతాదారులు కొందరు మొగము చాటుచేసినారు. పాత మిత్రులు తల పట్టుకొనినారు. ఇంటిలో పెద్ద కుమార్తె జెన్నీకి మూర్ఛవ్యాధి. ఆ దుఃఖము ఆయనను ఎన్నడును విడువలేదు. చిన్న కుమార్తె మే 1885లో సంస్థ కుట్టుపని విభాగమును చేపట్టినది.

1891లో ముద్రణాలయము స్థాపించి, చేతి యంత్రముపై అందమైన పుస్తకములు అచ్చువేసినాడు. ఆ కథ వేరొక వ్యాసమునకు తగినది. ఒక్కటి మాత్రము చెప్పి విడిచెదము: ఆయన ఛాసర్ గ్రంథమును అచ్చువేసిన చేతి యంత్రముపైననే ఆనంద కుమారస్వామి 1908లో సింహళ దేశపు మధ్యయుగ కళలు, చేతిపనులపై తన గ్రంథమును వెలువరించినారు.

1893లో ఒక పారసీక తివాచీ లండనులో అమ్మకమునకు వచ్చినది. అర్దబీల్‌లోని షేక్ సఫీ దర్గాలో ఉండినది. పట్టు పడుగు, పట్టు పేక, ఉన్ని ముడులు. పొడవు పది మీటర్లకు పైగా, ముడులు రెండున్నర కోట్లకు పైగా. అంచున హాఫిజ్ గజలు నుండి ఒక ద్విపద, దాని క్రింద కాషాన్ వాడగు మక్సూద్ పేరు, హిజ్రీ 946 అను సంవత్సరము నేయబడియున్నవి. అనగా క్రీస్తుశకము 1539-40. మ్యూజియమువారు మారిస్‌ను సలహా అడిగినారు. ఆయన వెళ్ళి పరీక్షించి, దీనిని ఎట్లైనను కొనవలెనని గట్టిగా వ్రాసినాడు. 2000 పౌనులకు కొనినారు. ఉర్దూ విభాగపు మిత్రులు లండను పోయినప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియములో దానిని చూడవచ్చును. రంగులు వెలియకుండుటకు దానిపై దీపమును మందముగ, కొద్ది నిమిషములు మాత్రమే వెలిగింతురు. పన్నెండు చదరపు గజముల తెరకైనను తన పేరు కుట్టని మెర్టన్ పనివారి నడుమ నుండి వచ్చిన మారిస్, నేయించినవాని పేరు కవితతోపాటు నిలిచిన ఆ అంచు ముందు నిలిచి ఏమనుకొనెనో!

1896 అక్టోబరు 3న, అరువది రెండవ యేట, హామర్‌స్మిత్ ఇంటిలో మారిస్ కన్నుమూసినాడు. మూడు దినముల తరువాత, గాలివానలో, ఆయన పల్లెయింటి ఊరగు కెల్మ్‌స్కాట్‌కు భౌతికకాయమును చేర్చినారు. శవపేటిక సాదా ఓకు కొయ్యది. రైలు స్టేషను నుండి ఎద్దడుగుల బురదలో దానిని మోసినది రైతు బండి. బండికి తీగలు, విల్లో కొమ్మలు చుట్టినారు. వెంట నడచినవారిలో చిత్రకారులున్నారు, సామ్యవాదులున్నారు, ఊరి రైతులున్నారు, మెర్టన్ శాల నుండి వచ్చిన పనివారున్నారు.

మెర్టన్ మగ్గములు ఆగలేదు. దుకాణపు సహాయకునిగా వచ్చి మారిస్ ప్రక్కన కూర్చుండి నేత నేర్చిన డియర్ల్, ఆ తరువాత ముప్పదియారు సంవత్సరములు, 1932లో తాను మరణించువరకు, నమూనాలు గీసినాడు, మగ్గములు చూచుకొనినాడు. మరి ఎనిమిది సంవత్సరములకు, 1940లో యుద్ధకాలమున, సంస్థ మూతపడినది.